ఉతికిన గుడ్డ

"అమ్మా! నా సంచిలో గుడ్డేదమ్మా? ప్లాస్టిక్ కవర్లో పెట్టానే... నాన్న గుడ్డ!"

కూతురి కేకకి తల్లి చేతిలోని గరిటె జారి కిందపడింది. ఏదో ఘోరం జరిగిపోయిందని ఆమె గుండె ఎప్పటిలాగే ముందుగా దడదడలాడింది. కానీ ఈసారి ఆ ఘోరం తన చేతులమీదుగానే జరిగిందని ఆ పిచ్చితల్లికి తెలియదు! పెరటివైపు చూపించింది. అక్కడ తీగ మీద, రెండు క్లిప్పుల మధ్య, ఆ గుడ్డ తెల్లగా వేలాడుతోంది. అంచుల నుంచి ఇంకా నీళ్ళు కారుతున్నాయి.

"ఉతికేశావా...!"

"ఉతక్క మరి? అంత మురికి గుడ్డ తీసుకెళ్ళి నలుగురిలో పెడతావా? పెళ్ళాం ఉండి కూడా మొగుడికి ఇలాంటి గుడ్డ కట్టి పంపిందా అనుకోరూ?"

కూతురు గుమ్మంలోనే కూలబడిపోయింది.

ఇరవై రెండేళ్ళు ఆ పిల్ల తండ్రి పరుపుల కార్ఖానాలో దూది ఏకే యంత్రం దగ్గర పనిచేశాడు. ముక్కుకి అడ్డంగా గుడ్డ కట్టుకుని వెళ్ళి, సాయంత్రానికి కనుబొమ్మలతో సహా తెల్లబడి తిరిగొచ్చేవాడు. "కంగారమ్మా, నీ ముసలి మొగుడొచ్చాడు, తలుపు తియ్యి!" అని నవ్వించేవాడు. ఆ నవ్వులో దగ్గు ఎప్పుడు కలిసిందో ఎవరూ గమనించలేదు. గమనించేసరికి నవ్వు పోయి దగ్గే మిగిలింది... ఏడాదిన్నర క్రితం అదీ ఆగిపోయింది. ఆఖరిరోజు పనిలో కట్టుకున్న గుడ్డని కూతురు ఎవరినీ ముట్టుకోనివ్వకుండా దాచుకుంది. దాని నిండా దూది నూగు. ముక్కు ఆనిన చోట రెండు నల్లటి మచ్చలు. ఈరోజు యూనివర్సిటీలో డిగ్రీ పిల్లలు తాము పరిశోధించినవీ, తయారు చేసినవీ అందరికీ చూపించే ప్రదర్శన. ఎనిమిది నెలలుగా కార్ఖానా వాళ్ళ ఇళ్ళన్నీ తిరిగి ఆ పిల్ల దూది దుమ్ము మీద పరిశోధన చేసింది. దానికి ఆ గుడ్డే ప్రాణం.

ఈ తెల్లవారుజామున టిఫిన్ డబ్బా సర్దుతుంటే ఆ కవరు తల్లి కంటపడింది. అంతే! ఆయన్ని మింగిన దుమ్ము నా బిడ్డ పుస్తకాల మధ్యా...! ఇది పీల్చి దీనికీ దగ్గు పట్టుకుంటే? బస్సు పది నిమిషాలు ఆలస్యమైతేనే మూడుసార్లు ఫోన్ చేసే మనిషి, ఇది చూసి ఊరుకుంటుందా? వేడినీళ్ళు, సబ్బు, బ్రష్షు... మచ్చలు పోయేదాకా రుద్దింది.

మిషను దగ్గర దిండు గలీబు కుడుతున్న ఆడపడుచు తలెత్తింది. "బాగుంది వదినా! మా అన్న వాసన ఈ ఇంట్లో ఆ ఒక్కదానికే మిగిలింది. దానికీ సబ్బు పెట్టావా?"

 తల్లి పరుగున పెరట్లోకి వెళ్ళి తడిగుడ్డని ముఖానికి అదుముకుంది. సబ్బు వాసన... ఒట్టి సబ్బు వాసన! అయ్యో, ఎంత పని చేశాను!

కానీ కూతురు అరవలేదు. మెల్లగా లేచి వచ్చి, ఒకే ఒక్క మాట అడిగింది.

"ఉతికేముందు దులిపావా అమ్మా?"

"దులపకుండా ఎలా ఉతుకుతామే? ఎప్పుడూ చేసేదే కదా!"

కూతురి ముఖం పాలిపోయింది. ఎందుకో తల్లికి అర్థం కాలేదు. తడిగుడ్డనే మడిచి సంచిలో పెట్టుకుంటున్న కూతురి చెయ్యి పట్టుకుంది. "నేనూ వస్తాను. తప్పు నాదని మీ పెద్దవాళ్ళతో నేనే చెబుతాను. నీ మార్కులు కొయ్యొద్దని కాళ్ళు పట్టుకుంటాను..."

"ఎవరి కాళ్ళూ వద్దు. ఊరికే రా అమ్మా."

యూనివర్సిటీ హాలు నిండా బల్లలు, బోర్డులు. ఒకమ్మాయి మట్టిబొమ్మలు పేర్చుకుంది, ఇంకొకరు వంతెన నమూనా నిలబెట్టారు. కూతురి బోర్డు మీద, దుమ్ము దగ్గు ఎవరికెంతో చూపే మూడు గీతలున్నాయి. తల్లి కూడబలుక్కుని చదివింది. దూది ఏకేవాళ్ళు. పరుపులు కుట్టేవాళ్ళు. మూడోది... ఇంట్లో ఆ బట్టలు ఉతికేవాళ్ళు. ఆ గీత రెండోదానికంటే పొడవుగా ఉంది! పక్కన, గుడ్డ దులుపుతున్న ఒక ఆడమనిషి బొమ్మ, వెనక నుంచి గీసింది. ఆ వంగిన వీపు, ఎగదోపిన ఆ జడముడి... తన అద్దంలో తనకెప్పుడూ కనిపించని తన వీపే!

మార్కులు వేసే కళ్ళజోడు మేడమ్ ఒకావిడ వచ్చి, బోర్డుకి తగిలించిన తెల్లటి గుడ్డని చూసి, "ఇది శుభ్రంగా ఉందేంటమ్మా? దుమ్ము చూపిస్తానన్నావు?" అంది.

"మేడమ్ గారూ, దాన్నేమీ అనకండి. నేనే ఉతికాను... చదువులేనిదాన్ని, తెలియలేదు..."

"ఎలా ఉతుకుతారమ్మా? ఒకసారి చూపిస్తారా?"

తల్లి గుడ్డ అందుకుంది. చేతులు వాటంతటవే లేచాయి. ముఖం పక్కకి తిప్పి, కళ్ళు మూసుకుని, ఒకటి... రెండు... మూడు. ఇరవై రెండేళ్ళు, ప్రతి సాయంత్రం. ఇప్పుడా గుడ్డలోంచి ఏమీ రాలేదు. కానీ ఆమె గుండెలోంచి దగ్గు తెరలు తెరలుగా వచ్చింది. చేత్తో మూసుకున్నా ఆగలేదు.

"నేను కనుక్కున్నది ఇదే మేడమ్," అంది కూతురు.  మేడమ్ కాగితం మీద ఏమీ రాయకుండా, తన నీళ్ళసీసా తీసి తల్లి చేతిలో పెట్టింది.

"ఎన్నాళ్ళనుంచమ్మా ఈ దగ్గు?" జనం కాస్త పలచబడ్డాక కూతురు అడిగింది.

"మీ నాన్న ఉన్నప్పటినుంచీ ఉందే... ఆయన దగ్గులో నాది వినపడేది కాదు. నాకెందుకు చెప్పలేదే, ఈ బొమ్మ నాదని?"

"చెబితే భయపడి చస్తావని... ఈరోజు అయ్యాక డాక్టరు దగ్గరికి తీసుకెళ్దామనుకున్నాను."

తల్లి మూడో గీతని వేలితో తడిమింది. బస్సుకి భయపడింది, వానకి భయపడింది, ఫోన్ మోగితే భయపడింది. వీటన్నిటి మధ్యా అసలు భయపడాల్సిన దుమ్ము తన చేతుల్లోకే రోజూ వచ్చిపోయింది. చిత్రంగా, ఇప్పుడు భయం వెయ్యడం లేదు. "సరే, రేపు వెళ్దాం. నీ మార్కులు మాత్రం పోలేదు కదూ?"

కూతురు ఏడుస్తూనే నవ్వింది. "పోలేదు కంగారమ్మా."

ఆయన పెట్టిన పేరు! ఏడాదిన్నరగా ఎవరూ పిలవని పేరు... తల్లి కళ్ళు తుడుచుకుంది. సాయంత్రం బోర్డు విప్పేటప్పుడు మడత పెడదామని గుడ్డ తీసింది. అలవాటుగా చేతులు పైకి లేచాయి. కూతురు గబుక్కున మణికట్టు పట్టుకుంది.

"దులపకమ్మా."

చేతులు గాలిలోనే ఆగాయి. తల్లి వాటిని మెల్లగా దించుకుంది. గుడ్డని ఒళ్ళో పరుచుకుని, అంచుకి అంచు ఆనించి, దులపకుండా మడిచింది.