వారకోత

రెండు గంటల పదకొండు నిమిషాలకు పదిహేడో డిశ్చార్జి హంసిని బల్ల తెర మీదికి వచ్చింది. నొప్పిని కొలిచే బాధాంకం ఒకటి, పడక తానే చూసే నాడి సమం, ఇల్లు పన్నెండు కిలోమీటర్లు. హంసిని రోగి పేరు చదివి, ముఖం చూసి, సమ్మతి మీద వేలు ఆనించింది. మొత్తం తొమ్మిది సెకన్లు పట్టింది. మణికట్టు మీది బలసూచి పచ్చగా వెలిగి ఆరింది. అది వెలిగిన ప్రతిసారీ ఆమెకు ఊపిరి ఆడేది. రెండు నిమిషాలు గడిచేసరికి మళ్ళీ దాని వైపే చూసేది.

ఆమెకు అది తొంభయ్యో రోజు. సాయంత్రం నాలుగింటికి బలపత్రం వస్తుంది.

ఆసుపత్రి పరిపాలనలో చేరిన కొత్తవాళ్ళందరికీ తొంభై రోజులు బలసూచి కడతారు. వేగం, నిశ్చయం, నిష్పాక్షికత, మితభాషణ, ఇలా పన్నెండు బలాలను అది తూస్తుంది. ఏదో ఒకటి అరవై దాటితే దాన్ని బట్టి బల్ల ఇస్తారు. రిటైరయ్యేదాకా అదే బల్ల. ఏదీ దాటకపోతే పత్రం మీద ‘నిర్ణీత బలం లేదు’ అని పడుతుంది. ఆ పత్రం ఉన్నవాళ్ళను ఇంకే ఆసుపత్రీ గడప తొక్కనివ్వదు. నాలుగేళ్ళ చదువు అటకెక్కినట్టే.

చేరిన రోజు నీ బలమేమిటని అడిగితే, కష్టపడి పనిచేస్తానని చెప్పింది హంసిని. అందరూ చెప్పేది అదే. గాడిద కూడా కష్టపడే పనిచేస్తుంది, దానికి ఎవరూ బల్ల వేయరు. పర్యవేక్షకుడు జలపతి సారు ఆ మాట అనలేదు కానీ ఆయన ముఖం అంది. ఆ తర్వాత రెండు నెలలు ఆమె రాత మారలేదు. పన్నెండు బలాలూ నలభై కింద నేలబారుగా పాకుతూ ఉండిపోయాయి. చేర్పుల బల్ల దగ్గర కూర్చోబెడితే వచ్చినవాళ్ళను తోడెవరొచ్చారని అడిగేది, ఇంట్లో మెట్లున్నాయా అని అడిగేది, తిరిగి ఎలా వెళ్తారని అడిగేది. ఆసుపత్రిని నడిపించే యంత్రం, సంధాత, వాటన్నిటినీ అనవసర ప్రశ్నలుగా రాసుకుని బలసూచిని ఎర్రగా మండించేది. చివరికి జలపతి ఆమెను పక్కకు పిలిచి, ప్రశ్నలన్నీ సంధాత ముందే వేసుకుని ఉంటుందని, మనం చేయవలసింది ఔననడమో కాదనడమో అని నచ్చజెప్పాడు. ఆయనది మంచి మనసే, పిల్ల ఒడ్డున పడాలని ఆయన కోరిక.

హంసిని నాలుక కరుచుకుని డిశ్చార్జి బల్లకు మారింది. మూడు వారాలు పేరు, ముఖం, సమ్మతి తప్ప వేరే లోకం లేకుండా గడిపింది. నిశ్చయం అరవై ఆరుకు ఎక్కింది. తనకు ఇంత నిశ్చయం ఎక్కడి నుంచి వచ్చిందో ఆమెకే అంతుపట్టలేదు. ఒక్క అలవాటు మాత్రం చావలేదు. మధ్యాహ్నం భోజనం వేళ బలసూచి నిద్రపోతుంది. ఆ అరగంట ఆమె డబ్బా పట్టుకుని వార్డులోకి వెళ్ళి ఎవరో ఒకరి మంచం పక్కన కూర్చుని తినేది.

పద్దెనిమిదో డిశ్చార్జి వచ్చింది. పసుల ఆశీర్వాదం, యాభై ఎనిమిదేళ్ళు, హెర్నియా ఆపరేషన్ అయి నాలుగో రోజు. కుడి పిక్కలో నొప్పి. బాధాంకం ఏడు. వారకోత పోగా రెండు.

మంగళవారం ఆసుపత్రి నుంచి ఇంటికి పోకూడదని జనం నమ్మకం. అమావాస్య నాడైతే సరేసరి. సోమవారం దాకా లేచి తిరిగినవాళ్ళు మంగళవారం పొద్దున్నే నడుము పట్టుకునేవారు. బుధవారం తెల్లారేసరికి నడుములన్నీ బాగయ్యేవి. సంధాత పన్నెండేళ్ళు ఈ తంతు చూసి, ఎవరూ నేర్పకుండానే ఒక కోత నేర్చుకుంది. మంగళవారం చెప్పిన నొప్పిలో సగం కొట్టేస్తుంది. అమావాస్య కూడా కలిస్తే ఇంకా లోతుగా కోస్తుంది. మిగిలింది మూడుకు లోపు ఉంటే ఇంటికే. తప్పుపట్టడానికి లేదు, వందలో తొంభై మంది విషయంలో అది నిజమే. ఉద్యోగులు నవ్వుకుంటూ దానికి వారకోత అని పేరు పెట్టారు. ఈ రోజు మంగళవారమూ, అమావాస్యా.

హంసిని వేలు సమ్మతి మీదికి వెళ్ళి ఆగింది.

ఆదివారం ఆమె అన్నం తిన్నది ఈ ఆశీర్వాదం మంచం పక్కనే. మంగళవారం పంపించమని ఆయనే అడిగాడు, ఊళ్ళో వాళ్ళ వ్యాను ఆ రోజే ఇటు వస్తుందట. అమావాస్య కదా అని హంసిని అంటే ఆయన నవ్వాడు.

“మాకు మంగళారం లేదు, అమాస లేదమ్మా. ప్రభువు చేసిన దినాలే అన్ని” అన్నాడు.

ఇంటికి పోవాలని తొందరపడ్డ మనిషి ఇప్పుడు నొప్పి ఏడు అంటున్నాడు. కులం, మతం, ఊరు ఎవరినీ అడగరాదన్నది సంధాతకు పెట్టిన మొదటి నియమం. మంచి నియమమే, ఎవరినీ వేరుగా చూడకూడదనే పెట్టారు. అందుకే మంగళవారాన్ని నమ్మేవాళ్ళనూ నమ్మనివాళ్ళనూ అది ఒకే కత్తితో కోసింది. బల్ల అంచున గడియారం ఇరవై సెకన్లు దాటింది. బలసూచి పసుపుకు తిరిగింది.

ఆమె ఆపుదల నొక్కింది. నిశ్చయం నాలుగు తగ్గి అరవై రెండయింది. తెర కారణం అడిగింది. చూపించిన ఎనిమిది కారణాల్లో తన కారణం లేక ‘ఇతరం’ ఎంచుకుంది. వార్డు నర్సు షాహీన్‌కు ఫోన్ చేసి, ఆయన పిక్క ఒకసారి చూడమని బతిమాలింది.

అక్కడి నుంచి దాదాపు గంటసేపు కబురు లేదు. ఈలోగా ఇంకో ఆరు డిశ్చార్జిలు వచ్చాయి. అరవై రెండు జారిపోతుందేమోనన్న భయంతో హంసిని ఆరింటినీ తొమ్మిదేసి సెకన్లలో పంపించేసింది. వాళ్ళ నొప్పులు ఐదు, ఆరు, ఐదు. కోత పోగా ఒకటి, రెండు, ఒకటి. ఆమె చదివింది, చూసింది, నొక్కింది.

మూడూ పదికి షాహీన్ ఫోన్ చేసింది. కుడి పిక్క వేడిగా, రెండోదానికంటే లావుగా కనిపిస్తే డాక్టరుకు చూపించి స్కాన్ చేయించారట. నరంలో రక్తం గడ్డకట్టి ఉంది.

“ఇంటిదాంక వ్యాన్ల కూసోని పోతే నడిమిట్లనే ఊపిరితిత్తులకు ఎక్కుతుండె. మంచిగ ఆపినవ్ చెల్లె” అంది.

హంసిని ఫోన్ పెట్టేసింది. సంతోషం వేసింది, ఏడుపూ వచ్చింది. ఆ రెండూ తగ్గకముందే భయం పట్టుకుంది. పొద్దుటి నుంచి తను పంపినవాళ్ళ జాబితా తెరిచింది. ఇరవై మూడు మంది. అందరి నొప్పినీ వారకోత కోసింది. నొప్పి నిజమా అని ఆమె ఒక్కరినీ అడగలేదు. డిశ్చార్జి వ్యాన్లు నాలుగింటికి బయలుదేరుతాయి. అంతదాకా వాళ్ళంతా వార్డుల్లోనే ఉంటారు.

జలపతి స్కాన్ సంగతి విని స్వయంగా వచ్చి భుజం తట్టాడు. ఆయన కళ్ళు నిజంగానే మెరుస్తున్నాయి. ఆపుదలకు నాలుగు పోయినా అరవై రెండుతో గట్టెక్కావని, ఇక యాభై నిమిషాలు ఓపిక పట్టమని చెప్పాడు. హంసిని జాబితా ఆయన వైపు తిప్పింది.

“మరి వీళ్ళు, సార్?”

“వాళ్ళకు మంగళారమే రోగం. ముప్పయ్యేండ్ల సంది చూస్తున్న.”

“నాకు తెల్వదు సార్. నేను అడగలే.”

జలపతి కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. గొంతు తగ్గించి లెక్క చెప్పాడు. ఇంకొక్కటి ఆపితే ఆమె యాభై ఎనిమిదికి పడుతుంది. కింద అత్యవసరంలో తొమ్మిది మంది స్ట్రెచర్ల మీద పడకల కోసం ఎదురుచూస్తున్నారు. ఈ ఇరవై మూడూ ఖాళీ కాకపోతే వాళ్ళు అక్కడే ఉండాలి. ఆ మాటలో అబద్ధం లేదు. హంసిని కెమెరాలో ఆ తొమ్మిది మందినీ చూసింది. ఒకామె తన సెలైన్ సీసా తానే ఎత్తి పట్టుకుని ఉంది.

“ఒక్క గంట ఆగు బిడ్డా. పత్రం చేతికొచ్చినంక నీ ఇష్టం.”

“గంట లోపలనే వ్యాన్లు పోతయి సార్.”

ఆయన గడియారం వైపు చూశాడు. హంసినికి ఇల్లు గుర్తొచ్చింది. బల్ల వచ్చేస్తోందని అమ్మ ఇప్పటికే వీధి వీధంతా చెప్పి ఉంటుంది. ఇంటికి వెళ్ళి ఏమని చెప్పాలి? నాకు ఏ బలమూ లేదట అని చెప్పాలా? తొంభై రోజుల్లో ఆమెకు తన గురించి తెలిసింది ఒక్కటే, అడగకుండా ఉంటే తనకు నిద్ర పట్టదు. అదొక బలమని ఎక్కడా రాసి లేదు. పన్నెండింటిలోనూ లేదు.

ఆమె ఆశీర్వాదం ఆపుదలను మళ్ళీ తెరిచింది. ఈ రోగికి వారకోత వర్తించదని తేలింది కాబట్టి సంధాత ఒక ప్రశ్న వేసి ఉంచింది: ఇంకా ఎవరికి వర్తించదు? కింద రెండు మాటలున్నాయి, ‘ఈ ఒక్కరికే’, ‘అందరికీ’. హంసిని రెండోది నొక్కింది. కారణం గడిలో ‘అడగలేదు’ అని టైపు చేసింది.

అరవై రెండు సున్నా కావడానికి క్షణం కూడా పట్టలేదు. ఆమె అనుకోనిది ఆ తర్వాత జరిగింది. వారకోత ఆసుపత్రి మొత్తానికీ ఒక్కటే. ఆరు బల్లల మీదా తెరలు బూడిదరంగుకు మారాయి. తొంభై నాలుగు డిశ్చార్జిలు నిలిచిపోయాయి. పక్క బల్లలవాళ్ళు లేచి నిలబడి ఎవరు చేశారని చూశారు. పన్నెండేళ్ళలో మొదటిసారి సంధాత తనకు తెలియదని రాసింది. ప్రతి పేరు ఎదురుగా ఒకే మాట, ‘నొప్పి నిజమా, వారమా? ధ్రువీకరించండి.’

హంసిని బలపత్రం నాలుగింటి దాకా కూడా ఆగలేదు, అప్పుడే తెర మీద పడింది. ‘నిర్ణీత బలం లేదు.’ బలసూచి తనంతట తానే ఊడి బల్ల మీద పడింది. మణికట్టు మీద తెల్లటి చార మిగిలింది. ఆమె దాన్ని రుద్దుకుంటూ లేచింది. డ్యూటీ ఐదింటి దాకా ఉంది, అంతవరకు ఆమెను ఎవరూ పొమ్మనలేరు.

జలపతి తలచుకుంటే వారకోతను ఒక్క నొక్కుతో తిరిగి పెట్టగలడు. ఆయన చేతి పలక వెలిగించి, ఆ నొక్కు దాకా వెళ్ళి, కాసేపు దాన్నే చూస్తూ కూర్చున్నాడు. తర్వాత షాహీన్‌కు ఫోన్ చేసి, నడవలో తొమ్మిది మంచాలు వేయించి కిందివాళ్ళను పైకి తెమ్మన్నాడు. పలక చంకలో పెట్టుకుని హంసిని వెనకే నడిచాడు.

“నేను రాసుకుంట. నువ్వడుగు” అన్నాడు.

మూడో వార్డు గుమ్మం పక్కన మొదటి మంచం ఎల్లవ్వది. డెబ్భై దాటిన మనిషి. మూట కట్టుకుని, చెప్పులు తొడుక్కుని, కొంగుతో ముఖం తుడుచుకుంటూ కూర్చుని ఉంది. ఛాతీలో నొప్పి ఆరు, కోత పోగా రెండు. జలపతి పలక తెరిచి నిలబడ్డాడు. అందులో రెండు గళ్ళున్నాయి, నిజం, వారం. ఒకటి నొక్కితే రెండోది ఆరిపోతుంది.

హంసిని మంచం అంచున కూర్చుంది.

“అవ్వా, కోపం చెయ్యకు. నొప్పి నిజంగున్నదా, మంగళారమని చెప్పినవా?”

ఎల్లవ్వ ఆమెను, తర్వాత జలపతిని చూసింది. పొద్దుటి నుంచి ఎవరైనా ఈ మాట అడుగుతారేమోనని ఎదురుచూసి, ఇక అడగరని చెప్పులు తొడుక్కున్నట్టుంది.

“రెండూ, బిడ్డా.”

జలపతి వేలు పలక మీద కాసేపు అటూ ఇటూ తిరిగింది. ఆయన రెండో చెయ్యి కూడా తెచ్చి, రెండు గళ్ళ మీదా రెండు బొటనవేళ్ళు పెట్టి, అవి ఆరిపోకుండా గట్టిగా నొక్కి పట్టుకున్నాడు.

“ఏడ నొస్తున్నది అవ్వా, చూపియ్యి” అంది హంసిని.