తుడవని గోడ

పెట్టెలు ఇంకా హాల్లోనే ఉన్నాయి. ఈషా బూట్లతోనే తన గదిలోకి పరుగెత్తింది. వెళ్ళినంత వేగంగా తిరిగి వచ్చింది.

"అమ్మా, నా గోడకి మళ్ళీ షిమ్మెల్ వచ్చింది."

షిమ్మెల్ అంటే బూజు. ఐదేళ్ళ ఈషాకి ఆ మాట తెలుగులో రాదు. రెండు చలికాలాలుగా జర్మనీలోని ఆ ఇంట్లో ఆ మాట జర్మన్‌లోనే వినబడుతోంది. కింది అంతస్తులో ఉండే ఓనరమ్మ ఫ్రావ్ లెహ్నర్ అనేది, పిల్లల డాక్టరు అనేవాడు, దశరథ్ కూడా అనేవాడు.

చంద్రిక కోటు విప్పకుండానే వెళ్ళి చూసింది. తమ్ముడి పెళ్ళికి తెనాలి వెళ్ళేముందు ఆ గోడని తనే తుడిచింది. స్పిరిటుతో తుడిచి, ఆరేదాకా ఆగి, మంచం దూరంగా జరిపి, అప్పుడు పెట్టెలు సర్దుకుంది. ఇప్పుడు గోడలోకి కట్టిన అలమర దగ్గర్నుంచి కిటికీ దాకా నల్లగా ఉంది. ఇదివరకు చుక్కలు ఉండేవి. ఇప్పుడు చుక్కలు కలిసిపోయాయి.

వెనకే అత్తగారు వెంకటరమణమ్మ వచ్చి నిలబడింది. మూడు నెలల వీసా మీద కోడలితో కలిసి వచ్చింది. విమానం దిగిన కాళ్ళు వాచి ఉన్నాయి.

"ఇదేనా మావాడు ఫోన్లో చెప్పే గోడ?"

"ఇదే అత్తయ్యా."

"ఏమో తల్లీ. మా ఇంట్లో నలభై మందికి వండిన రోజులున్నాయి. గోడకి బూజు పట్టడం నేనెరగను."

ఈ మాట చంద్రిక ఇదివరకు వీడియో కాల్‌లో విన్నదే. ఇక నుంచి ఎదురుగా వినాలి... అంతే తేడా.

మొదటి చలికాలంలో ఆ గోడ మీద చుక్కలు కనబడగానే ఫ్రావ్ లెహ్నర్ పైకి వచ్చి, వంటింట్లో పొయ్యి మీద ఉడుకుతున్న సాంబారు వైపు చూసి, "అదిగో, అక్కడుంది కారణం" అంది. ఇండియా వాళ్ళ వంటలో ఆవిరి ఎక్కువ, కిటికీలు తియ్యరు, అందుకే బూజు. దశరథ్ తల ఊపాడు. మర్నాడు తేమ మీటరు ఒకటి కొనుక్కొచ్చి వంటింటి గోడకి తగిలించాడు. ముల్లు ఎర్రగీత దాటితే పొయ్యి ఆపమన్నాడు. చంద్రిక ఇడ్లీ మానేసింది. బట్టలు సెల్లార్‌లో ఆరేసింది. పొద్దున లేవగానే గదుల కిటికీలన్నీ తీసి, పిల్లకి రెండు స్వెట్టర్లు తొడిగి, గాలి మారేదాకా నిలబడింది. అయినా గోడ నల్లబడింది. ఈషాకి దగ్గు పట్టుకుంది. ఇంట్లో బూజు ఉందా అని పిల్లల డాక్టరు అడిగినప్పుడు, నేరం ఒప్పుకున్నట్టు ఉందని చెప్పింది. ఆ తర్వాత రైస్ కుక్కర్‌ని బాల్కనీలోకి మార్చింది. మంచు పడుతుంటే జాకెట్ వేసుకుని బాల్కనీలో అన్నం వండింది. అప్పటికీ గోడ నల్లబడడం ఆగలేదు. తనకి తెలియకుండా తను ఇంకేం తప్పు చేస్తోందో ఆమెకి అర్థం కాలేదు.

తెనాలిలో ఉన్న మూడు వారాలూ ఈషా దగ్గలేదు.

చంద్రిక బాత్రూంలోంచి బకెట్టు, గుడ్డ, స్పిరిటు సీసా తెచ్చుకుంది. ఒంగుని గోడ మొదటికి గుడ్డ ఆనించబోతుంటే గుమ్మంలోంచి దశరథ్ అన్నాడు.

"తుడవకు."

స్టేషన్ నుంచి తీసుకొచ్చినప్పటి నుంచీ అతను సరిగ్గా మాట్లాడలేదు. నడుం నొప్పి అనుకుంది. రెండేళ్ళ కింద నడుముకి ఆపరేషన్ అయ్యాక అతను మాట్లాడకపోతే నొప్పి అనే అనుకుంటుంది.

"పిల్ల ఇక్కడ పడుకోవాలి కదండీ. మూడు వారాలు ఇంట్లో ఉన్నారు... ఒక్కసారి తుడిస్తే ఏం పోయింది?"

దశరథ్ గుమ్మం దాటి లోపలికి వచ్చాడు.

"కిటికీలన్నా తీశారా?"

"రోజూ తీశాను."

"వంట?"

"పొయ్యి వెలిగించలేదు. మధ్యాహ్నం ఫ్యాక్టరీ క్యాంటీన్. సాయంత్రం బ్రెడ్డు."

చంద్రిక గుడ్డ బకెట్టులో వేసి లేచి నిలబడింది. ఇంట్లో వంట లేదు. తడి బట్టలు లేవు. స్నానానికి ఒక్క మనిషి. గోడ మాత్రం తను ఉన్నప్పటికంటే నల్లగా ఉంది.

"మరి ఈ నీళ్ళు ఎక్కణ్ణుంచి వచ్చాయి?"

దశరథ్ జేబులోంచి తాళంచెవి తీశాడు. హాల్లో, ఈషా గదిని ఆనుకుని ఉన్న సామాను గది తాళం అది. ఆ గది తాళం అతని దగ్గరే ఉంటుంది. పిల్లలున్న ఇంట్లో ఆ మొక్కలు తాళంలో ఉండాలని చట్టం.

"నా మొక్కల్లోంచి" అన్నాడు.

"ఏం మొక్కలురా?" అంది వెంకటరమణమ్మ వెనక నుంచి.

దశరథ్ తాళంచెవిని వేళ్ళ మధ్య తిప్పాడు.

"అడిగేది నిన్నే."

"గంజాయి, అమ్మా."

ఆవిడ హాల్లో చెప్పుల స్టాండు పక్కనున్న ముక్కాలి పీట మీద కూర్చుంది.

"ఇక్కడ చట్టం ఒప్పుకుంటుంది అత్తయ్యా" అంది చంద్రిక. "మనిషికి మూడు మొక్కల దాకా పెంచుకోవచ్చు. నడుం నొప్పికి మాత్రలు వేసుకుంటే ఆయనకి కడుపులో మంట, రక్తం పడింది. దీనితో నిద్ర పడుతుంది. నాకు తెలుసు... నేనే సరే అన్నాను."

వెంకటరమణమ్మ నోరు తెరిచింది.

"ఆ సామెత చెప్పకమ్మా" అన్నాడు దశరథ్. "గంజాయి వనం, తులసి మొక్క. నాకు తెలుసు."

"చెప్పనులే. ఇక్కడ తులసి ఎవరో నాకింకా తేలలేదు" అందావిడ.

సామాను గదిలో మనిషెత్తు గుడారం ఒకటి నిలబడి ఉంది. జిప్పు తీసి ఉంది, దీపం ఆర్పి ఉంది. లోపల మూడు కుండీల్లో మొదళ్ళు మాత్రం మిగిలాయి. వంటింట్లో ఉండాల్సిన తేమ మీటరు గుడారం కడ్డీకి వేలాడుతోంది. గుడారం పైనుంచి లావుపాటి గొట్టం గోడ దాకా వెళ్ళి, ఒక కన్నంలోంచి అవతలికి పోయింది. అవతల ఈషా గది అలమర.

దశరథ్ గోడకి ఆనుకుని చెప్పాడు. చెబుతున్నంతసేపూ ఆ గొట్టం వైపే చూశాడు.

మొదట్లో అతను కొబ్బరిపొట్టు కలిపిన తేలిక మట్టి వాడాడు. అది ఇట్టే ఆరిపోయేది. రోజూ ఒంగి నీళ్ళు పొయ్యాలి. నడుం ఒంగేది కాదు. అందుకని తోట సామాన్ల దుకాణం నుంచి నీళ్ళు పట్టి ఉంచే బరువు మట్టి తెచ్చాడు. వారానికి ఒకసారి నిండా పోస్తే చాలు. ఆ మట్టి ఎప్పుడూ తడిగానే ఉండేది. పైన తెల్లగా బూజు కడితే గీకి పారేసేవాడు.

"నల్లరేగడిలో కుండీ మొక్క పెడతార్రా ఎవరైనా?" అంది వెంకటరమణమ్మ. "తెనాలి వాడివేనా నువ్వు?"

"నడుం కోసం పెట్టానమ్మా."

గొట్టం కిటికీలోంచి బయటికి పెడితే వాసనకి కింద ఫ్రావ్ లెహ్నర్ గొడవ చేస్తుంది. అందుకని బొగ్గు ఫిల్టరు తగిలించి, అలమర వెనక ఖాళీలోకి వదిలాడు. ఫిల్టరు వాసనని పట్టింది. తేమని పట్టదు. మట్టిలోంచి, ఆకుల్లోంచి లేచిన ఆవిరంతా రాత్రీ పగలూ ఆ ఖాళీలోకి పోయి, చల్లటి బయటి గోడ తగిలి నీరైంది.

"ఎప్పుడు తెలిసింది?" అంది చంద్రిక.

"నువ్వు వెళ్ళిన రెండో వారం. పువ్వు గుత్తులు పైకి బాగానే ఉన్నాయి. ఒకటి విడదీస్తే లోపల బూడిదరంగు బూజు. రెండోదీ అంతే. అన్నీ అంతే. తేమ ఎంతుందో చూద్దామని వంటింట్లోంచి మీటరు తెచ్చి ఇక్కడ పెట్టాను."

ముల్లు ఇంకా ఎర్రగీత అవతలే ఉంది.

"ఫోన్ చెయ్యొచ్చు కదా?"

"చేశాను. మీ తమ్ముడు ఎత్తాడు. నువ్వు పందిట్లో ఉన్నావు, చుట్టూ అందరూ ఉన్నారు. ఏం చెప్పను... బాగున్నాను అన్నాను. గోడ తుడిచేద్దామని గుడ్డ తీసుకున్నాను. తుడిచేసి, కన్నం మూసేస్తే నీకెప్పటికీ తెలిసేది కాదు. వచ్చే చలికాలం గోడ బాగుంటే, నీ కిటికీల వల్లే బాగుపడిందనేవాళ్ళం. నేను నోటితో చెప్పగలనో లేదో నాకు నమ్మకం లేదు చంద్రికా. అందుకని వదిలేశాను. గోడని చూస్తే నువ్వే అడుగుతావని."

చంద్రిక వెళ్ళి ఈషా మంచం మీద కూర్చుంది. ఏడుపు రాలేదు. ప్రయాణం, పెళ్ళి పనులు, రెండు చలికాలాలు అన్నీ ఒక్కసారే ఒంట్లోకి దిగినట్టుంది. ఆ బూజు నా వల్ల వచ్చింది కాదు అనుకుంది. సంతోషం కలగాల్సిన మాట. కలగలేదు. పిల్ల దగ్గిన ప్రతి రాత్రీ తనని తను తిట్టుకుంది. ఆ రాత్రులు ఎవరు వెనక్కి ఇస్తారు?

"నేను బాల్కనీలో వండానండీ" అంది. "బాల్కనీలో..."

గుమ్మంలో వెంకటరమణమ్మ కోడలి వైపు చూసింది. "బాల్కనీలో ఏం వండావే?"

"అన్నం అత్తయ్యా."

"మంచులోనా?"

"మంచు పడ్డప్పుడు కూడా."

ఆవిడ నెమ్మదిగా వంటింట్లోకి వెళ్ళింది. డబ్బాల మూతలు తీసిన చప్పుడైంది. "మినప్పప్పు ఎక్కడ పెడతావే?" అని అక్కణ్ణుంచే అడిగింది.

ఫ్రావ్ లెహ్నర్ మర్నాడు కాక ఆ మర్నాడు పెయింటర్ని తీసుకొస్తానని ముందే టైము ఇచ్చి ఉంది. ఆ సంగతి గుర్తొచ్చి చంద్రిక అంది:

"ఆవిడకి ఏం చెప్తారు?"

"జరిగింది చెప్తాను."

"గోడకి కన్నం పెట్టామని తెలిస్తే ఖాళీ చెయ్యమంటుంది. ఈ ఇంగోల్‌స్టాట్‌లో ఇల్లు దొరకడం మీకు తెలియనిదా? ఈ వీధి దాటితే ఈషాకి కీటా బడిలో సీటు పోతుంది." గొంతులో కోపం లేదు, అలసట ఉంది. "వంట వల్లేనని ఊరుకుందాం. ఎలాగూ అంటోంది నన్నేగా. నాకు అలవాటైపోయింది."

దశరథ్ తల దించుకున్నాడు. సరే అనలేదు, వద్దు అని కూడా అనలేదు. ఆ రెండు రోజులూ చంద్రిక అతని మొహం చూడకుండా పనులు చేసుకుంది. ఈషాని తమ గదిలో పడుకోబెట్టింది. అతను ఏం చెబుతాడో ఆమె మళ్ళీ అడగలేదు. అడిగి చెప్పించుకున్న మాట ఆమెకి అక్కర్లేదు.

ఫ్రావ్ లెహ్నర్ అన్న టైముకే వచ్చింది. గోడ చూసింది. తర్వాత వంటింటి వైపు చూసింది. హీటరు పక్కన మూతపెట్టిన పిండి గిన్నె ఉంది.

"ఇండియా నుంచి వచ్చారు, మళ్ళీ వంట మొదలైంది" అంది.

చంద్రిక నోట క్షమాపణ సిద్ధంగానే ఉంది. ఆ జర్మన్ వాక్యం ఆమెకి నిద్రలో కూడా వస్తుంది. ఆమె పెదవి కదిపేలోగా దశరథ్ ముందుకి వచ్చి అలమర తలుపు తీశాడు. లోపల అరలన్నీ అప్పటికే ఖాళీ చేసి ఉన్నాయి. వెనక చెక్క ఊడదీశాడు. గొట్టం మూతి కనబడింది. దాని కింద గోడంతా తడిగా, నల్లగా ఉంది.

"వంట వల్ల కాదు ఫ్రావ్ లెహ్నర్. నా మొక్కల వల్ల. ఈ కన్నం నేను పెట్టాను. నా భార్యకి తెలియదు. ఆమె రెండేళ్ళుగా చెయ్యని తప్పుకి మీకు సారీ చెబుతోంది. నేను పక్కన నిలబడి విన్నాను."

వెంకటరమణమ్మకి ఆ భాష రాదు. కొడుకు మొహం చూసి ఆవిడకి అర్థమైంది.

ఫ్రావ్ లెహ్నర్ ఒంగి గొట్టం చూసింది. పెయింటర్ ఏదో అనబోతే చెయ్యెత్తి ఆపింది. కన్నం మూయించి, గోడ బాగు చేయించే ఖర్చు దశరథ్‌దేనంది. గోడల జోలికి ఇంకోసారి వెళితే ఇల్లు ఖాళీ చెయ్యాలంది. ఇంట్లో మొక్కలు ఇక వద్దంది. దశరథ్ అన్నిటికీ సరే అన్నాడు.

వెళ్ళబోతూ ఆవిడ చంద్రిక దగ్గర ఆగింది.

"మీరు బాల్కనీలో వండడం నేను కింద నుంచి చూసేదాన్ని. మంచి పని, నేర్చుకుంది అనుకున్నాను." కాసేపు గొళ్ళెం పట్టుకుని నిలబడింది. "ఈ మెట్ల మీద కనబడ్డ అందరికీ మీ గురించి చెప్పాను. ఇప్పుడు అందరికీ మళ్ళీ చెప్పాలి."

తలుపు మూశాక దశరథ్ సామాను గదిలోకి వెళ్ళి గుడారం కడ్డీలు విప్పడం మొదలుపెట్టాడు. చంద్రిక గుమ్మంలో నిలబడింది.

"మరి నిద్ర?"

"డాక్టర్ని అడుగుతాను. రాసిస్తే మందుల షాపులో కొంటాను. లేకపోతే..." ఒంగినప్పుడు అతని మొహం బిగుసుకుంది. చంద్రిక వెళ్ళి రెండో పక్క కడ్డీ పట్టుకుంది. క్షమించిందో లేదో ఆమెకే తెలియదు. కడ్డీ మాత్రం ఒక్కడు విప్పేది కాదు.

"అమ్మాయ్, ఇడ్లీ పాత్ర ఎక్కడే?" వెంకటరమణమ్మ కేక వేసింది.

"సెల్లార్‌లో అత్తయ్యా."

"భూమిలో పాతిపెట్టారటమ్మా ఇడ్లీ పాత్రని" అందావిడ ఈషాతో. "మీ నాన్నని తవ్వి తెమ్మను."

దశరథ్ మెట్లు దిగి వెళ్ళాడు. ఎక్కి వచ్చేసరికి ఆలస్యమైంది. పాత్ర అతనే కడిగాడు.

ఆవిరి లేచింది. వంటింటి కిటికీ అద్దం మసకబారింది. ఈషా కుర్చీ ఎక్కి వేలితో అద్దం మీద ఏదో గీసింది. "నానమ్మా, ఇది నువ్వు" అంది. వెంకటరమణమ్మ కళ్ళజోడు సవరించుకుని చూసింది. "ఇడ్లీలా ఉన్నానే" అంది. తర్వాత కోడలి పళ్ళెంలో ముందు వడ్డించింది. పళ్ళెం పెట్టేటప్పుడు చెయ్యి కోడలి భుజం మీద కాసేపు ఉంచింది.

అద్దం మీంచి నీటిబొట్టు ఒకటి జారింది. చంద్రిక అలవాటుగా లేచింది.

"నువ్వు కూర్చో" అన్నాడు దశరథ్. అతనే వెళ్ళి కిటికీ తీశాడు.