రికార్డిస్టుగారి వాల్వులు

"దొంగతనం జరిగిందమ్మా. వస్తువు ఇంట్లోనే ఉంది, కానీ దొంగతనం మాత్రం జరిగింది."

కుర్చీ అంచున కూర్చున్న పెద్దాయన ఆ మాట అని రుమాలుతో మెడ తుడుచుకున్నాడు. బల్ల వెనక వదిన కళ్ళజోడు సర్దుకుంది. పక్కనే మరిది పెన్ను మూత తీశాడు. వాళ్ళిద్దరినీ అందరూ వదినా మరిదీ అనే అంటారు. ఆవిడ ప్రైవేటు డిటెక్టివ్. బ్యాంకు గుమాస్తాగా రిటైరైన మరిది ఇంట్లో తోచక ఆవిడకి సహాయకుడిగా చేరాడు. వదిన తెలివి గురించి చెప్పడం మొదలుపెడితే ఎక్కాల్సిన బస్సు వెళ్ళిపోతున్నా ఆపడు.

"నేను స్టూడియోలో పాటలు రికార్డు చేసేవాణ్ణి," అన్నాడు పెద్దాయన. "పెళ్ళైన కొత్తలో నా చేతుల్తో ఒక ఆంప్లిఫయర్ కట్టుకున్నాను. ఇప్పటి వాటిలా చిప్పులూ గిప్పులూ ఉండవు. గాజు వాల్వులు ఎర్రగా వెలుగుతూ పాడతాయి. ఈమధ్య గుంయ్ మని మోత మొదలైంది. మెకానిక్‌కి ఇచ్చాను. నా దగ్గర పని నేర్చుకున్నవాడే. లోపలి కెపాసిటర్లు మార్చాడు, ట్రాన్స్‌ఫార్మర్ మార్చాడు, కొత్త వాల్వుల జత పెట్టాడు. మోత పోయింది. కానీ..."

అంతలో మరిది చేతి గడియారం కీచుకీచుమంది. మాత్ర వేసుకోవాల్సిన వేళకి పెట్టుకున్న అలారం అది. పాపం, ఏ మీట నొక్కినా ఆగదు. మరిది సిగ్గుతో చచ్చిపోతూ గడియారాన్ని తొడ కింద దాచాడు. పెద్దాయన మాత్రం అతని వంక చూడకుండా చెప్పుకుపోయాడు.

"పాట మీద దుప్పటి కప్పినట్టుందమ్మా. వయొలిన్ పై స్థాయికి వెళ్ళిందంటే చాలు, మాయం! తెచ్చిన రోజు నుంచీ అంతే. వెనక్కి పంపిన ప్రతిసారీ అన్నీ బాగున్నాయంటాడు. మొన్న అనుమానమొచ్చి వెనక మూత విప్పితే వాల్వులు మారిపోయి ఉన్నాయి."

"మారాయని ఎలా తెలిసింది?"

"బిగించిన రోజు నేనే తుడిచి చూసుకున్నాను. వాటి గాజుకి నడుము సన్నం. ఇప్పుడున్నవి లావు. మీటరు పెట్టి చూస్తే సగం సత్తువ కూడా లేదు." ఆయన మళ్ళీ రుమాలు తీశాడు. "వాడు తప్ప ఇంకెవరు చేస్తారమ్మా? కొడుకులా చూసుకున్నాను."

ఆ సాయంత్రమే ఇద్దరూ ఆయన ఇంటికి వెళ్ళారు. బెల్లు నొక్కితే లోపల పెద్ద గంట కొట్టినట్టు ఢంగుమంది. ఆయన భార్య తలుపు తీసింది. పలచటి మనిషి. భర్తతో ఏదైనా చెప్పాలంటే ముందు ఆయన మోచెయ్యి తాకి, ఆయన తనవైపు తిరిగాక చెబుతోంది. ఎంత అన్యోన్యమో అనుకున్నాడు మరిది.

పెద్దాయన నేల మీద కూర్చుని ఆంప్లిఫయర్ మూత మరలు విప్పుతున్నాడు. వదిన వంగి చూసింది. మరల మీద ఒక్క గీత లేదు. వాల్వులు గుచ్చే గుంటలు కూడా శుభ్రంగా తుడిచి ఉన్నాయి.

"ప్లగ్గు తీసేశాక ఎవరైనా ఇందులో చెయ్యి పెట్టొచ్చాండీ?"

"అమ్మో! కరెంటు లోపల నిలవ ఉంటుంది. దాన్ని దింపడం తెలియనివాడు ముట్టుకుంటే ఎగిరి గోడ దగ్గర పడతాడు."

"బయటివాళ్ళు ఎవరైనా వచ్చే వీలుందా?"

"మా ఆవిడ ఇల్లు కదలదు. మధ్యాహ్నం నేను పక్క గదిలో కాసేపు నడుం వాలుస్తాను. అప్పుడైనా సూది పడితే లేచే మనిషిని."

మరిదికి చేతులు ఊరుకోవు. గుమ్మం పక్క గోడ మీద కొత్త బెల్లు పక్కన పాతది ఇంకా అలాగే ఉంది. దాని మీట నొక్కాడు. పిచ్చుకల గుంపు లేచినట్టు కిచకిచమని మోగింది. ఆయన భార్య ఉలిక్కిపడి భర్త వంక చూసింది. ఆయన వంచిన తల ఎత్తకుండా మర బిగించుకుంటున్నాడు.

"బాగానే మోగుతోందే, ఎందుకు మార్చారమ్మా?" అంది వదిన.

"అది... అప్పుడప్పుడూ పనిచెయ్యదండీ," అని ఆవిడ టీ గ్లాసులు తీసుకుని వంటింట్లోకి వెళ్ళిపోయింది.

మర్నాడు మెకానిక్ దుకాణానికి వెళ్ళారు. నెరిసిన జుట్టు, వేళ్ళ నిండా సోల్డరింగ్ మచ్చలు. వచ్చిన పని చెబితే ఆయన చేతిలో పని పక్కన పెట్టాడు.

"వాల్వులు మీరు తీశారా?" అని సూటిగా అడిగింది వదిన.

"గురువుగారు అలా అన్నారా?"

"అన్నారు. వీధంతా చెబుతున్నారు."

"తెలుసండీ. పొద్దున ఇద్దరొచ్చి బాగుకిచ్చిన రేడియోలు వెనక్కి పట్టుకెళ్ళారు." ఆయన చిన్నగా నవ్వాడు. "ఆయన అలా అంటే అలాగే రాసుకోండి."

"మీకు కోపం రాలేదా?"

"ఆయన మీదా? నాకు వినడం నేర్పిందే ఆయనండీ."

బయటికి రాగానే మరిది ఉండబట్టలేకపోయాడు. "ఒప్పేసుకున్నాడుగా వదినా! ఇంకేం కావాలి?"

"వీడే అని తేలింది, బాగానే ఉంది. కానీ దొంగ అనిపించుకోవడానికి ఇంత సిద్ధంగా ఉన్నవాణ్ణి నువ్వెప్పుడైనా చూశావా? రేపు అందరినీ పెద్దాయన ఇంట్లో కూర్చోబెడదాం. ముందు నేను వెళ్ళి వాళ్ళావిడతో ఒంటరిగా మాట్లాడాలి." వదిన ముఖంలో గెలుపు కనిపించలేదు. అదే మరిదికి దిగులు పుట్టించింది.

మర్నాడు ఆంప్లిఫయర్ ఉన్న గదిలో అందరూ చేరారు. మెకానిక్ గుమ్మం దగ్గరే నిలబడ్డాడు. పెద్దాయన అతని వైపు చూడలేదు. వదిన తన కుర్చీని పెద్దాయనకి సరిగ్గా ఎదురుగా జరుపుకుని నెమ్మదిగా మొదలుపెట్టింది.

"మూత మరల మీద గీత లేదు. లోపలి కరెంటు దింపి, గుంటలు తుడిచి మరీ మార్చారు. కాబట్టి మార్చింది మీ మెకానిక్కే. మీరు పడుకున్నప్పుడు తలుపు తీసింది మీ ఆవిడ."

పెద్దాయన నిర్ఘాంతపోయి భార్య వంక చూశాడు. ఆవిడ పైటచెంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"ఎందుకు చేశారన్నదే అసలు సంగతి. తెచ్చిన రోజు నుంచీ పాట మసకగా ఉందన్నారు. ఆ రోజు వాల్వులు కొత్తవేనని మీరే కళ్ళారా చూశారు. అంటే మసక ముందొచ్చింది, మార్పిడి తర్వాత జరిగింది. దొంగతనం వల్ల పాట చెడలేదండీ."

"మరి?"

వదిన గొంతు ఇంకా మెత్తబడింది. "మా ఆఫీసులో ఈయన గడియారం చెవులు చిల్లులు పడేలా మోగింది. మీరు తల తిప్పలేదు. మొన్న ఇక్కడ పాత బెల్లు మోగింది. అప్పుడూ అంతే. అందుకే మీ ఆవిడ లావు గొంతున్న బెల్లు పెట్టించింది. సన్నటి చప్పుళ్ళు మీకు అందడం లేదు. సెట్టులో ఏ లోపమూ లేదు."

మరిదికి చేతిలో పెన్ను బరువెక్కినట్టయింది. ఆ చప్పుడికి సిగ్గుపడి గడియారాన్ని దాచుకున్న తను, ఎదుటివాడు ఎందుకు విసుక్కోలేదా అని ఒక్క క్షణమైనా ఆలోచించలేదు.

మెకానిక్ రెండడుగులు లోపలికి వేశాడు. "మొదటిసారి వెనక్కి పంపినప్పుడే నాకు అర్థమైంది గురువుగారూ. మీతో అనడానికి నోరు రాలేదు. అమ్మతో చెప్పాను. వాల్వులు నీరసపడ్డాయి, మంచివి దొరకడం కష్టం అని కొన్నాళ్ళు నెట్టుకొద్దామనుకున్నాం. ఊరికే అంటే మీరు మీటరు పెట్టి చూస్తారు. అందుకే, అచ్చం అలాంటివి దొరికేదాకా అని, నా దగ్గరున్న నిజంగా నీరసపడ్డవే పెట్టాను. మంచివి దూదిలో చుట్టి ఇక్కడే ఈ అలమరలో ఉంచాం."

"మీరింత త్వరగా మూత విప్పుతారనుకోలేదండీ," అంది భార్య కన్నీళ్ళతో. "ఇతన్ని దొంగ అంటుంటే నిజం చెప్పేద్దామనుకున్నాను. వద్దమ్మా, నన్ను అననివ్వండి, ఆయన చెవుల్ని మాత్రం ఏమీ అనొద్దు అన్నాడు. చెవులే కదండీ మీ బతుకంతా."

పెద్దాయన ఆంప్లిఫయర్ మీద అరచెయ్యి ఆనించాడు.

"నాకు అనుమానం ఉంది," అన్నాడు చివరికి. "వర్షం మొదలైనా తెలియడం లేదు, కిటికీ తడిస్తే గాని. అది తలుచుకుంటేనే భయం. అందుకే ఆ లావు వాల్వులు చూసినప్పుడు... సిగ్గు లేకుండా చెబుతున్నాను... సంతోషమేసింది. దొంగ ఉన్నాడు, తప్పు నాది కాదు అనుకున్నాను. దొంగ దొరికితే బాగుండునని ఈ డిటెక్టివుగారి దగ్గరికి పరిగెత్తాను."

లేచి వెళ్ళి మెకానిక్ చెయ్యి పట్టుకున్నాడు. "వీధిలో నిన్ను అన్న మాటలు వీధిలోనే వెనక్కి తీసుకుంటాను. ఇంటింటికీ తిరిగి చెబుతాను."

"అంత పని ఎందుకు గురువుగారూ..."

"నోర్ముయ్. ముందు ఆ చచ్చిన వాల్వులు పీకి మంచివి పెట్టు."

మెకానిక్ ముక్కు ఎగబీల్చుకుంటూ నవ్వాడు. "చెవిలో పెట్టుకునే మిషన్లు ఇప్పుడు బాగా వస్తున్నాయండీ. డాక్టరుకి చూపిద్దాం. అవి కూడా ఆంప్లిఫయర్లేగా!"

"వాల్వులుంటాయా వాటిలో?"

"ఉండవండీ."

"అయితే ఇప్పుడే మాటివ్వను," అన్నాడు పెద్దాయన. కానీ ఆ పెదవుల మీద నవ్వు మరిది కంట పడింది.

వాల్వులు ఎర్రబడ్డాయి. పెద్దాయన ఒకప్పుడు స్టూడియోలో తను రికార్డు చేసిన పాట ఒకటి ఎంచి పెట్టి, రెండు స్పీకర్లకీ సరిగ్గా నడుమ ఉన్న తన కుర్చీలో భార్యని కూర్చోబెట్టాడు. ఆవిడ మొహమాటంగా ఇటూ అటూ చూసింది. "నాకేం తెలుసండీ ఇవన్నీ!"

"తెలియక్కర్లేదు. వినబడిందల్లా చెప్పు. నేను నీ మొహం చూస్తూ వింటాను."

ఆవిడ కళ్ళు మూసుకుంది. కాసేపటికి కనుబొమలు పైకి లేచాయి.

"వయొలిన్ ఎక్కడికో పైకి పోతోందండీ. దారం అంత సన్నంగా. ఇంకా పోతోంది... ఆగండి, అక్కడెవరో చిన్నగా నవ్వారు!"

పెద్దాయన ముఖం వెలిగిపోయింది. "ఆ నవ్వింది నేనే," అన్నాడు.