మెమెంటో ఎవరి చేతుల మీదుగా

"టార్గెట్‌ని ముట్టుకోవద్దు. కళ్ళతో చూడు, చాలు. ఓవర్."

ఇయర్‌పీస్‌లో సెక్షన్ చీఫ్ ఛాయాదేవి గొంతు టక్కున ఆగిపోయింది. ఏజెంట్ భాస్కర్ పళ్ళు నూరుకున్నాడు.

ఎడారి సరిహద్దుల్లో మారువేషాలు వేసినవాడు, నడిసముద్రంలో ఓడ నుంచి ఓడకి దూకినవాడు. అలాంటివాడు ఇప్పుడు న్యూజెర్సీలో, ప్లెయిన్స్‌బరో పక్కన ఒక హైస్కూల్ ఆడిటోరియంలో పట్టు లాల్చీ తొడుక్కుని యాంకర్ వేషం కట్టాడు. విశాఖపట్నం నుంచి కచేరీల టూర్‌కి వచ్చిన 'కెరటాలు' యువ బృందానికి అతను వ్యాఖ్యాత! అమెరికాలో దిగిన దగ్గర్నుంచీ అతను చేసిన సీక్రెట్ సర్వీస్ ఏమిటయ్యా అంటే, బస్సెక్కిన ప్రతిసారీ తలకాయలు లెక్కపెట్టడం, గొంతు పోయినవాళ్ళకి వేణ్ణీళ్ళు సంపాదించడం, పోగొట్టుకున్న ఫోన్ చార్జర్లు వెతికిపెట్టడం. ఛీ, ఇదీ ఒక ఉద్యోగమేనా!

మిషన్ మాత్రం ఆషామాషీది కాదు. జలాంతర్గాముల జాడ పట్టే మన నేవీ సోనార్ కోడ్ ఒక చిప్‌లోకెక్కి దేశం దాటింది. 'మెరిడియన్' అనే విదేశీ ముఠా దాన్ని ఈ పిల్లల సామాన్లలో పెట్టి దాటించింది. కొనేవాడు గ్రేడన్. పైకి ఆడియో పరికరాల వ్యాపారి, ఈ సాయంత్రం ఫంక్షన్‌కి చీఫ్ గెస్ట్. చిప్ దేన్లో దాచారో, దాచిందెవరో మాత్రం ఎవరికీ తెలియదు.

"లగేజ్ అంతా నేనే చెక్ చేశాను భాస్కర్. మెమెంటోలు కూడా. ఆల్ క్లీన్," అంది నమ్రత.

నమ్రత ఇక్కడి తెలుగు సంఘానికి కల్చరల్ సెక్రటరీ. రహస్యంగా భాస్కర్ డిపార్ట్‌మెంట్‌కి లోకల్ అసెట్, అంటే ఇక్కడి కబుర్లు చేరవేసే మనిషి. నెమలికంఠం రంగు పట్టుచీరలో ఆమె అటూ ఇటూ తిరుగుతుంటే వలంటీర్లు కుర్చీలు మోయడం మర్చిపోతున్నారు.

ఎందుకైనా మంచిదని భాస్కర్ స్టేజ్ పక్కన టేబుల్ దగ్గరికి వెళ్ళాడు. శాలువాలు, పూలదండలు, చీఫ్ గెస్ట్‌కి ఇవ్వబోయే ఏటికొప్పాక లక్క వీణ బొమ్మ. వీణ దగ్గరికి రాగానే లాల్చీ బొత్తాంలో దాచిన స్కానర్ సన్నగా వణికింది.

కొయ్య బొమ్మ కడుపులో చిప్! అంటే ఆల్ క్లీన్ అన్న మనిషి అబద్ధమాడింది.

"ఇది ఇచ్చేదెవరు?" మామూలుగా నమ్రతని అడిగాడు.

"మేధ. నేనే చేంజ్ చేయించాను. పిల్లలు ఇస్తే ఫొటో క్యూట్‌గా వస్తుంది కదా!"

మేధ బృందంలో ముఖ్య గాయని. పదిహేడేళ్ళ పిల్ల.

భాస్కర్ గ్రీన్‌రూమ్‌లోకి దూరి తలుపు వేసుకున్నాడు. "శ్రుతి కుదిరింది మేడమ్." చిప్ దొరికిందనడానికి అది కోడ్.

"గుడ్. చేతులు మారనీ. అమెరికన్ ఏజెంట్లు స్టేజ్ పక్కనే ఉన్నారు. ఇచ్చినవాళ్ళనీ, పుచ్చుకున్నవాళ్ళనీ అక్కడికక్కడే పట్టుకుంటారు."

"ఇచ్చేది మేధ! ఆ పిల్లకేం తెలియదు. నమ్రత డబుల్ ఏజెంట్ మేడమ్."

"ప్రూఫ్?"

"నా మాట."

"నమ్రత మన అసెట్. నీ డౌట్లు రిపోర్ట్‌లో రాసుకో. అమ్మాయికి తర్వాత లాయర్‌ని పెడదాం."

"ఎప్పుడు? దాని బతుకు బుగ్గిపాలయ్యాకా?"

లైన్ కట్. భాస్కర్ గోడని ఒక్క గుద్దు గుద్దాడు. చెయ్యి నొప్పెట్టింది తప్ప ఒరిగిందేమీ లేదు. చిప్ తీసేస్తే గ్రేడన్ జారిపోతాడు. ఉంచితే మేధ జైలుకి పోతుంది. ఏం పాపం చేసిందని?

తలుపు తీస్తే ఎదురుగా మేధ.

"అంకుల్, మెమెంటో నేనే ఇవ్వాలంట! మా అమ్మ వీడియో కాల్‌లో చూస్తానంది. కుచ్చిళ్ళు బానే ఉన్నాయా?"

"బాగున్నాయమ్మా," అన్నాడు.

పిల్లలు అద్భుతంగా పాడారు. భాస్కర్ చెవికి ఒక్క చరణమూ ఎక్కలేదు. తర్వాత సంఘం ప్రెసిడెంట్ లక్ష్మీపతి మైకు పట్టుకుని స్పాన్సర్లందరికీ పేరుపేరునా థాంక్స్ చెప్పాడు. ఎట్టకేలకు మైకు భాస్కర్ చేతికొచ్చింది. కార్డులో నమ్రత రాయించిన వాక్యం: 'చీఫ్ గెస్ట్ గారికి మెమెంటో, చిరంజీవి మేధ చేతుల మీదుగా.'

మేధ అప్పటికే వీణ పట్టుకుని గ్రేడన్ ముందు నిలబడింది. గ్రేడన్ చేతులు చాచాడు.

భాస్కర్ ఒక్కసారి కార్డు వంక చూశాడు. ఓరి నా బుద్ధి మండ! ఈ ముక్క చదవాల్సింది తనే కదా!

"ఒక్క నిమిషం!" మైకులో అరిచాడు. "ఈ కార్యక్రమం కోసం రాత్రింబవళ్ళు కష్టపడి, తెరవెనకే ఉండిపోయిన మనిషి ఒకరున్నారు. ఈ మెమెంటో ఆవిడ చేతుల మీదుగానే అందాలి. నమ్రత గారూ, స్టేజ్ మీదికి రావాలి!"

చప్పట్లు మోగాయి. నమ్రత మొహం పాలిపోయింది. వద్దు వద్దని చేతులూపింది. అదంతా అణకువే అనుకున్నారు జనం. ముందు వరసలో ఆంటీలిద్దరు ఆమెని రెక్క పట్టుకుని లేపారు. "వెళ్ళమ్మా, ఇంత మొహమాటమైతే ఎలా?" అంటూ మెట్ల దాకా తోసుకొచ్చారు.

"మేధా, వీణ ఆంటీకిచ్చి వెళ్ళి వరసలో నిలబడు," అన్నాడు భాస్కర్.

మేధ మొహం చిన్నబుచ్చుకుంది. అయినా వీణని నమ్రత చేతుల్లో పెట్టి వెళ్ళింది.

నమ్రత కొయ్యబారిపోయింది. ఫోన్లన్నీ పైకి లేచాయి. గ్రేడన్ కెమెరాలకి నవ్వుతూనే వీణని ఆమె చేతుల్లోంచి లాక్కుని, పళ్ళ మధ్య నుంచి గొణిగాడు. సరిగ్గా అప్పుడే భాస్కర్ మైకుని వాళ్ళిద్దరి మధ్యకీ జరిపాడు.

"ది గర్ల్ వాజ్ సపోజ్డ్ టు టేక్ ది ఫాల్, నాట్ యూ!"

ఇరుక్కోవాల్సింది ఆ పిల్ల, నువ్వు కాదు అన్న ఆ మాట ఆడిటోరియమంతా ఖంగుమంది. స్టేజ్ పక్కనుంచి సూట్లు వేసుకున్న మనుషులు కదిలారు. వీణ అడుగు విప్పితే గోరంత చిప్ బయటపడింది.

"భాస్కర్, నేను మన మనిషినేనని చెప్పు!" నమ్రత అరిచింది.

"రిపోర్ట్‌లో రాస్తాను," అన్నాడు భాస్కర్.

చేతులకి బేడీలతో ఇద్దర్నీ పక్క తలుపులోంచి తీసుకుపోయారు. మేధ అలకగా దగ్గరికొచ్చింది. "నేనిస్తే ఏమయ్యేది అంకుల్? అమ్మ అంతసేపు వెయిట్ చేసింది." భాస్కర్ ఆ పిల్ల తల మీద చెయ్యి వేసి, చాలా రోజుల తర్వాత హాయిగా ఊపిరి పీల్చుకున్నాడు.

ఆ హాయి లక్ష్మీపతి వచ్చేదాకానే. ఆయన మొహం కందగడ్డలా ఉంది.

"స్పైలో, గియ్యిలో, అదంతా నాకనవసరం! ప్రెసిడెంట్‌ని నేనిక్కడ దిమ్మలా నిలబడి ఉండగా మెమెంటో సెక్రటరీ చేత ఇప్పిస్తారా? నా చేతుల మీదుగా కదండీ ఇవ్వాల్సింది!"

"ఇంకా మించిపోలేదు సార్," అన్నాడు భాస్కర్. "వాళ్ళనెక్కించిన వ్యాన్ ఇంకా గేటు దగ్గరే ఉంది. పదండి, మిమ్మల్నీ ఎక్కిస్తాను."