నొప్పి బెల్టు

నడుముకు బెల్టు బిగించుకోగానే డాక్టర్ మృదులకు కుడి తొడ లోపలివైపు భగ్గుమంది. నొప్పి ఆమెది కాదు. ఎదురుగా బల్ల మీద మూలుగుతున్న డెబ్భై ఎనిమిదేళ్ల పానకాలరావుది.

2064లో ఒంగోలులో ఏ ఆసుపత్రికి వెళ్లినా ఈ బెల్టులే. రోగికొకటి, డాక్టరుకొకటి. రోగి నరాల్లో పుట్టే సిగ్నల్‌ని మొదటిది పట్టుకుని రెండోదానికి పంపిస్తుంది. రోగికి ఎక్కడ ఎంత నొప్పో డాక్టరుకూ అక్కడ అంతే. రోగికి నయమయ్యేదాకా డాక్టరు బెల్టు ఊడదు. కనిపెట్టింది మృదులే. ఆ తాళం మాత్రం కసితో పెట్టింది.

ఇరవై ఏళ్ల కిందట ఆమె తల్లి కనకరత్నం వాంతులవుతున్నాయనీ, తొడ లాగేస్తోందనీ ఇదే పానకాలరావు దగ్గరికి వెళ్లింది. ఆయన పెద్ద ప్రొఫెసరు మరి! చెయ్యయినా వేసి చూడకుండా "వాతం" అని నూనె రాసిచ్చి పంపేశాడు. అది ఆబ్చురేటర్ హెర్నియా. కటి ఎముకలోని చిన్న సందులో పేగు ఇరుక్కుంటుంది, పక్కనున్న నరం నలిగి తొడ సలుపుతుంది. బక్కపలచటి ముసలివాళ్లకు, అదీ అరుదుగా వస్తుంది. పేగు కుళ్లి మూడోరోజుకి కనకరత్నం పోయింది.

"కాలు చాపండి" అంది మృదుల. చాపాడు. ఇద్దరూ కెవ్వుమన్నారు. ముడిస్తే ఇద్దరికీ కాస్త సర్దుకుంది. సీటీ స్కాన్‌లోనూ అదే హెర్నియా కనిపించింది.

"థియేటర్ రెడీ చెయ్యమంటారా మేడం?" అడిగింది నర్సు మరియమ్మ.

"కాసేపాగు."

గిలగిల్లాడితే కళ్లారా చూద్దామని కుర్చీ లాక్కుని కూర్చుంది. పది నిమిషాలకే ఆమెకూ చెమటలు పట్టేశాయి. మూడు రోజులు అమ్మ భరించింది ఇదా! కోపమూ ఏడుపూ ఒక్కసారే తన్నుకొచ్చాయి.

"మరియమ్మా, థియేటర్!"

మత్తెక్కగానే ఇద్దరి నొప్పీ ఆగింది. పేగు ఇంకా బతికే ఉంది. మెల్లగా బయటికి లాగి, సందుకు మెష్ వల వేసి మూసింది.

మర్నాడు పానకాలరావు తెగ మెచ్చుకున్నాడు. "చెయ్యి తిరిగినదానివమ్మా. నీకెవరో గొప్ప గురువు దొరికుంటాడు."

"దొరికారండీ. మీరే."

ముసలాయన మొహం వెలిగిపోయింది. "ఏ బ్యాచ్?"

"మీ స్టూడెంట్‌ని కాదు. తొడ నొప్పికి నూనె రాసిచ్చి పంపేశారే, ఆ కనకరత్నం కూతుర్ని. మా అమ్మ చచ్చిపోయింది."

ఆయన నిజంగానే గుర్తుచేసుకోడానికి తంటాలుపడ్డాడు. "ఆ నూనె చాలామందికి రాశానమ్మా. వాళ్లలో మీ అమ్మ ఎవరో..."

మృదులకు గుండె మెలిపెట్టినట్టయింది. పానకాలరావు మాత్రం నిమ్మళంగా చూస్తున్నాడు. బెల్టులు ఇద్దరికీ ఇంకా ఉన్నాయి. డాక్టరు నొప్పిని రోగికి చేర్చేలా ఆమె వాటిని తయారుచెయ్యలేదు.