అర్ధెకరం లేని ఊరు

శైలజ వచ్చి కుర్చీలో కూర్చుంది. సిద్దిపేటలో ప్రైవేటు డిటెక్టివ్ నవనీత ఆఫీసుకు భూతగాదాల వాళ్లే ఎక్కువ వస్తారు. డిగ్రీ చదివే అమ్మాయి రావడం అసిస్టెంటు శైలేందర్‌కు వింతగా తోచింది.

డేటా అనాలిసిస్ ప్రాజెక్టు కోసం శైలజ చిన్నకోడూరులో ఇల్లిల్లూ తిరిగి ఎవరికెంత భూమి ఉందో, ఏ పంట వేస్తారో అడిగి రాసుకుంది. అదంతా ఇంట్లో కూర్చుని అల్లిందని తోటి విద్యార్థి సాయికిరణ్ ఫిర్యాదు చేశాడు. అతనూ అదే ఊరి మీద ప్రాజెక్టు చేశాడు.

"ఏం తప్పు దొరికిందో గూడ చెప్తలేరు మేడం. రేపు ప్రాజెక్టు కొట్టేస్తే నా డిగ్రీ పోతది" అంది శైలజ.

శైలజ లెక్చరర్ కాశయ్యకు నవనీత ఫోన్ చేసింది. శైలజ లెక్కల్లో పాయింట్ యాభై అనేదే లేదని, ఊరంతటిలో ఒక్కరికైనా అర్ధెకరం ఉండదా అని ఆయన ఎదురు ప్రశ్న వేశాడు.

నవనీత రెండు ప్రాజెక్టులూ తెప్పించుకుని, శైలేందర్‌ను బండి తీయమంది. చిన్నకోడూరులో బాలలక్ష్మి అనే రైతును భూమెంతని అడిగితే "ఎకరం ఇరవై గుంటలు" అంది. ల్యాప్‌టాప్‌లో శైలజ ప్రాజెక్టు తెరిస్తే, బాలలక్ష్మి పేరు పక్కన 1.20 అని రాసి ఉంది. నవనీత నవ్వింది. ఎందుకో తెలియక శైలేందర్ తల గోక్కున్నాడు.

మర్నాడు కాలేజీ ల్యాబులో కాశయ్య ముందు నవనీత సాయికిరణ్‌ను అడిగింది.

"అర్ధెకరం ఎట్ల రాసినవ్?"

"పాయింట్ యాభై. వాళ్లు చెప్పిందే రాసిన మేడం."

ఇద్దరి లెక్కల్లోనూ పాయింట్ తర్వాతి అంకెలతో గ్రాఫ్ గీయమని ఆమె శైలజకు చెప్పింది. శైలజ గ్రాఫ్ ముప్పై తొమ్మిది దగ్గర ఆగిపోయింది. సాయికిరణ్‌ది తొంభై తొమ్మిది దాకా పాకింది.

"పాయింట్ ముందు ఎకరాలు, ఎనక గుంటలు. నలభై గుంటలైతే ఎకరం నిండుతది, ఇగ నలభై యాడికెల్లి వస్తది? అర్ధెకరాలు శైలజ దగ్గర ఇరవైగ ఉన్నయి సార్. గుంటల్ని నలభైతోని భాగించి రాసినా తొంభై తొమ్మిది రాదు. ఈయన ఆ ఊర్లకే పోలే, కంప్యూటర్‌తోని అంకెలు పుట్టించిండు" అంది నవనీత.

రెండు ప్రాజెక్టులూ పక్కపక్కన పెడితే తన బండారం బయటపడుతుందనే ముందే శైలజ మీద బురద చల్లానని సాయికిరణ్ తల దించుకుని ఒప్పుకున్నాడు. శైలేందర్‌కు మేడం మీద గర్వం ఆగలేదు.

కాశయ్య సిగ్గుపడ్డాడు. "గుంటలల్ల పెరిగినోన్ని, స్క్రీన్ ముంగట కూసోంగనే పొలం మరిచిన. సోమవారం క్లాసు నువ్వే చెప్పు శైలజా, గీ గ్రాఫ్ మీదనే."

శైలజ బయటికొచ్చి వాళ్లమ్మకు ఫోన్ చేసింది.

"అవ్వా, నా లెక్క నిలిచింది."