ఫ్లెక్సీలో అమ్మ ఫోటో

ఆ రోజు పొద్దున అశ్విని తల దువ్వుకుంటూనే ఫోన్లో హాలహర్విలో ఉండే మేనమామ ఉచ్చీరప్పకు పాఠం చెబుతోంది. ఫోటోను వాట్సాప్‌లో మామూలుగా పంపితే నలిగి చిన్నదైపోతుంది, డాక్యుమెంట్‌గా పంపాలి. సెల్ఫీ వద్దు, వెనక కెమెరాతో ఇంకొకరి చేత తీయించుకోవాలి. జూమ్ చేయకూడదు, తీసేవాళ్లే దగ్గరికి రావాలి. అంతకంటే ముందు కెమెరా అద్దం మీది జిడ్డు తుడవాలి. ఉచ్చీరప్ప అన్నిటికీ ఊ కొట్టి, తన స్టేటస్‌లో ఉన్న ఫోటోకే స్క్రీన్‌షాట్ తీసి పంపాడు. ఆయన తలపాగా పైన బ్యాటరీ గుర్తు కూడా వచ్చింది.

అశ్విని నెత్తి కొట్టుకుంది. ఎమ్మిగనూరులో ప్రైవేటు స్కూలు టీచరు ఆమె. పిల్లలకు ఎక్కాలు నేర్పడం తేలిక గానీ ఈ మామలకు ఫోటో పంపడం నేర్పడం తన వల్ల కాదని అమ్మతో అంది. పొయ్యి దగ్గర రొట్టెలు తడుతున్న హనుమంతమ్మ నవ్వింది.

ఆదోని వైపు ఇప్పుడు పెళ్లంటే పత్రిక కన్నా ముందు ఫ్లెక్సీ. వీధి మొదట్లో ఒకటి, కల్యాణ మండపం గేటు దగ్గర ఒకటి. నడుమ పెళ్లికూతురు, పెళ్లికొడుకు. పైన చేతులు జోడించి రండి రండి అంటున్నట్టు తల్లిదండ్రులు. కింద గుండ్రటి బిళ్లల్లో మామలు, అత్తలు, చిన్నాయనలు. ఫ్లెక్సీలో మొహం లేనివాడు తనను పెళ్లికి పిలవలేదనే అనుకుంటాడు. బిళ్ల కాస్త చిన్నదైందని అన్నం ముట్టకుండా లేచిపోయిన బంధువులు ప్రతి ఇంట్లోనూ ఉన్నారు. అందుకే అశ్విని తన పెళ్లి ఫ్లెక్సీకి అందరి ఫోటోలూ మంచి క్వాలిటీలో కావాలని పట్టుబట్టింది. అంత పెద్ద గుడ్డ మీదికి ఎక్కాక మసకబారితే పరువు పోతుందని ఆమె భయం.

రొట్టె తిప్పుతూ అమ్మ అడిగింది, తనదీ, నాయనదీ ఫోటో పంపావా అని.

అశ్విని దువ్వెనలో చిక్కిన వెంట్రుకలు తీసింది, పారేసింది.

"నాయనది పంపినానమ్మా. నీది సైజు చాలదంట. పెద్దగ చేస్తే పగిలిపోతుంది."

"అట్లనా," అంది హనుమంతమ్మ. ఇంకొకటి తీస్తే సరిపోతుందా అని అడిగింది. ఈ రోజే ప్రింటుకు పోతోంది, టైము లేదని అశ్విని చెప్పి, డబ్బా సంచిలో పడేసుకుని బస్సుకు పరుగెత్తింది.

బస్సు కదిలాక గానీ ఆమెకు ఊపిరాడలేదు. చెప్పింది పచ్చి అబద్ధం. నిశ్చితార్థం నాడు అమ్మా నాయనా పక్కపక్కన నిలబడి దిగిన ఫోటో అది. తన ఫోనుతో తానే తీసింది. వెలుతురు బాగా పడింది, ఎంత పెద్దది చేసినా చెక్కుచెదరదు. అందులోంచి నాయనను మాత్రం కత్తిరించి తీసుకోమని ఫ్లెక్సీ షాపు నాగేష్‌కు చెప్పింది కూడా తానే.

హనుమంతమ్మకు బొల్లి. అశ్విని చిన్నపిల్లగా ఉన్నప్పుడు పెదవి చివర చిన్న చుక్కలా మొదలైంది. ఇప్పుడు నోటి చుట్టూ, కళ్ల చుట్టూ, రెండు చేతుల మీద తెల్లగా పాకింది. ఆమె పనిచేసే జిన్నింగు మిల్లులో పత్తి ఏరే ఆడవాళ్లెవరూ దాన్ని పట్టించుకోరు. అశ్విని కూడా పట్టించుకునేది కాదు, నిశ్చితార్థం నాటి వరకు. ఆ రోజు కోడుమూరు నుంచి వచ్చిన పెళ్లికొడుకు మేనత్త ఆమెను పక్కకు పిలిచి, ఇది వంశంలో వస్తుందా పాపా అని మెల్లగా అడిగింది. పెళ్లికొడుకు శివకుమార్ ఏమీ అనలేదు, వాళ్ల అమ్మా నాన్నా ఏమీ అనలేదు. ఆ ఒక్క మాటే అశ్విని చెవిలో ఉండిపోయింది. రోడ్డు మీద పోయే ప్రతివాడూ ఆగి ఆ మచ్చలు చూస్తాడని, కోడుమూరు వాళ్లంతా మండపం గేటు ముందు నిలబడి గుసగుసలాడతారని ఊహించుకుంది. అమ్మను తీసేస్తే ఆ గొడవే ఉండదనుకుంది. అనుకున్నంత సేపు సులువుగానే ఉంది. ఆ రోజు క్లాసులో మాత్రం ఒక లెక్క బోర్డు మీద తప్పు చేసి, పిల్లలు చెబితే దిద్దుకుంది.

సాయంత్రం ఆమె ఇంటికి వచ్చేసరికి నాయన ఎర్రిస్వామి మార్కెట్ యార్డు నుంచి వచ్చి స్నానం చేసి కూర్చున్నాడు. పత్తి బేళ్లు మోసి మోసి ఆయన భుజం ఒకవైపు వంగింది. అమ్మ కూడా మిల్లు నుంచి వచ్చేసింది గానీ ఎందుకో మాటామంతీ లేకుండా వంటలో పడింది. అంతలో ఫోను మోగింది. నాగేష్ ఫ్లెక్సీ నమూనా పంపాడు. చూసి సరే అంటే ప్రింటు మొదలుపెడతాడట.

నాయన కళ్లజోడు పెట్టుకుని ఫోను చేతిలోకి తీసుకున్నాడు. కూతుర్ని చూసి మురిసిపోయాడు. ఉచ్చీరప్ప మొహం మసగ్గా ఉందని నవ్వాడు. తర్వాత వేలు పైకి జరిపి ఆగిపోయాడు. చేతులు జోడించి తానొక్కడే నిలబడి ఉన్నాడు.

మీయమ్మ యాడ అని అడిగాడు. అశ్విని పొద్దున చెప్పిన మాటే మళ్లీ చెప్పింది, సైజు చాలలేదని.

ఎర్రిస్వామికి చదువు రాదు. కళ్లజోడు తీసి కూతురి వైపు చూశాడు.

"ఇద్దరం ఒకే ఫోటోలో నిలబడితిమి గదా పాపా. నేను ఇంత పెద్దగైనప్పుడు మీయమ్మ ఎట్ల పగిలిపోతాది?"

ఆయన గొంతు పెంచకుండానే ఇంకా అన్నాడు. "ఫ్లెక్సీలో నేనొక్కడ్నే సేతులు జోడించి నిలబడితే సూసినోళ్లు ఏమనుకుంటారు? పెండ్లాం సచ్చిపోయినోడు అనుకోరా? బతికుండే మనిషిని సంపుతావా నువ్వు?"

అశ్విని అంత దూరం ఆలోచించలేదు. ఈ ఊళ్లో ఏ ఫ్లెక్సీలోనైనా తండ్రి ఒక్కడే కనిపిస్తే అయ్యో పాపం, తల్లి లేని పిల్ల అనే అంటారు. తానూ ఎన్నోసార్లు బస్సులోంచి చూసి అలాగే అనుకుంది.

హనుమంతమ్మ చేతులు తుడుచుకుంటూ మధ్యలోకి వచ్చింది.

"యో, దాన్నేమనొద్దు. నేనే వద్దంటి. పెండ్లి అయినాంక ఆ ఫ్లెక్సీ సించి యాడో గుడిసె మీద కప్పుకుంటారు. ఎండకూ వానకూ నా మొగం ఆడ ఎందుకు? నేనే తీసెయ్‌మంటి."

ఎర్రిస్వామి ఆమెను నమ్మలేదు, కూతుర్ని అడగనూ లేదు. ఎదుట ఉన్న కంచం పక్కకు జరిపి, చెప్పులేసుకుని బయటికి వెళ్లిపోయాడు. అమ్మ ఆ కంచం మీద మూత పెట్టి, ఏమీ జరగనట్టు అశ్వినికి అన్నం వడ్డించబోయింది. తిట్టి ఉంటే బాగుండేదని అశ్వినికి అనిపించింది. పని ఉందని చెప్పి తానూ బయటపడింది.

నాగేష్ షాపు బస్టాండు దగ్గరే. అప్పుడే ఇంకెవరిదో పుట్టినరోజు ఫ్లెక్సీ యంత్రంలోంచి మెల్లగా బయటికి వస్తోంది. తమది ప్రింటు చేయొద్దని, అమ్మను కూడా పెట్టాలని అశ్విని చెప్పింది. నాగేష్ వెంటనే తలూపాడు. అమ్మ వచ్చి అడిగిపోయాక మీరు వస్తారనే అనుకున్నానన్నాడు.

"మా అమ్మ వచ్చినాదా?"

"సాయంత్రం మిల్లు నుంచి నేరుగా వచ్చినాదక్కా. తన ఫోటో సైజు చాలలేదంట, పెద్దగ కావాలంటే ఎట్ల తీసుకోవాల అని అడిగినాది. ఫోటో బాగుండాది గదమ్మా, మీ పాపనే మీయాయన్ని ఒక్కర్నే తీసుకోమన్నాది అంటి. సరేప్పా అని పోయె."

అశ్విని అక్కడి ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుంది. అంటే నాయన ముందు తనను వెనకేసుకొచ్చేటప్పటికే అమ్మకు అంతా తెలుసు. పత్తి దూది తల మీదే ఉండగా, బిడ్డ పెళ్లి ఫ్లెక్సీలో చోటు కోసం షాపు దాకా నడిచి వచ్చి, తెలుసుకోకూడనిది తెలుసుకుని, ఇంటికి వెళ్లి వంట చేసింది.

నాగేష్ నిశ్చితార్థం ఫోటో తెరిచి, అమ్మ మొహం ఎంతవరకు నిలుస్తుందో చూపిస్తానని పెద్దది చేస్తూ పోయాడు. చీర అంచు, మెడలో తాళి, ముక్కుపుడక అన్నీ స్పష్టంగా కనిపించాయి. మొహం తెర నిండా వచ్చాక అశ్విని కుర్చీలోంచి లేచింది.

పెదవుల చుట్టూ, కళ్ల కింద ఏదో పూత ఉంది. మచ్చల మీద గోధుమరంగు పౌడరు మందంగా అద్దుకుంది అమ్మ. అది తన రంగు కాదు, కూతురి రంగు. చెమటకు అక్కడక్కడ పగిలి, కింది తెలుపు గీతలు గీతలుగా బయటపడింది. ఒక కన్ను దగ్గర వేలి ముద్ర అలాగే ఉండిపోయింది. నిశ్చితార్థం నాడు ఇల్లంతా తిరుగుతున్న అమ్మను అశ్విని వందసార్లు చూసి ఉంటుంది, ఇది గమనించలేదు. తన కొత్త పౌడరు డబ్బా అంత త్వరగా ఎలా అయిపోయిందా అని మాత్రం ఆ మరునాడు విసుక్కుంది. చేతులకు పూయడానికి పౌడరు చాలలేదో ఏమో, రెండు చేతులూ కొంగు కింద దాచుకుంది. మేనత్త అడగకముందే, ఎవరూ ఏమీ అనకముందే, బిడ్డకు మాట రాకూడదని అమ్మ తనను తాను చెరిపేసుకోవాలని చూసింది. చేతకాక సగంలో ఆగింది. మిగిలిన సగం తాను పూర్తి చేసింది.

ఇదే పెట్టేదా అక్కా అని నాగేష్ అడిగాడు. వద్దు, రేపు పొద్దున వేరేది తెస్తానని చెప్పి అశ్విని బయటికి వచ్చింది. దారిలో ఏడుపు ఆగలేదు.

మరునాడు స్కూలుకు సెలవు పెట్టింది. హనుమంతమ్మ పెరట్లో అంట్లు తోముతుంటే వెళ్లి పక్కన కూర్చుంది.

"అబద్ధం సెప్పినానమ్మా," అంది.

"తెలుసు లేమ్మా."

"తెలిసీ నాయనతో నేనే వద్దంటినని ఎందుకంటివి?"

"పెండ్లి ముందర తండ్రి బిడ్డల మధ్య మాట పడకూడదని," అంటూ అమ్మ గిన్నె కడిగి బోర్లించింది.

నిశ్చితార్థం నాడు పౌడరు పూసుకున్నావు కదా అని అశ్విని అడిగింది. హనుమంతమ్మ చేతిలోని పీచు ఆగింది. తప్పు చేసి దొరికిపోయిన మనిషిలా కూతురి వైపు చూసింది.

"నాకు సరిగ్గ పూసుకోను రాలేదు పాపా. నీకు తలవంపులు కాకూడదని..."

ఇంక అశ్విని ఆగలేకపోయింది. బూడిద అంటిన ఆ చేతుల్ని అలాగే పట్టుకుని మొహానికి ఆనించుకుని ఏడ్చింది. సిగ్గుపడాల్సింది నువ్వు కాదమ్మా, నేను అంది. ఆ మేనత్త ఒక్క మాటకు భయపడి నిన్ను లేకుండా చేశాను, ఇంకెవరైనా అడిగితే ఈమే మా అమ్మ అని నేనే చెబుతాను అంది. హనుమంతమ్మ ఆమె తల నిమిరింది. "నాకూ అదే బయముండె లేమ్మా. నీ ఒక్కదానిదే కాదు తప్పు," అని తానూ కళ్లు ఒత్తుకుంది.

ఎర్రిస్వామి గడపలో నిలబడి అంతా విన్నాడు. లోపలికి వెళ్లి ఉతికిన పంచె కట్టుకుని వచ్చాడు.

పొద్దుటి ఎండ ఇంకా పదును ఎక్కలేదు. అశ్విని ఇద్దర్నీ సున్నం గోడ ముందు నిలబెట్టింది. అమ్మ సబ్బుతో మొహం కడుక్కుంది, బొట్టు పెట్టుకుంది, అంతే. అశ్విని ఫోను అద్దం తుడిచి, జూమ్ చేయకుండా తానే దగ్గరికి జరిగింది. నాయన చేతులు జోడించాడు. అమ్మ చేతులు మాత్రం కొంగు కిందే ఉన్నాయి.

"బయట పెట్టమ్మా. పెండ్లికి వచ్చేటోళ్లను రండి అని పిలవాల్సింది నువ్వే గదా."

హనుమంతమ్మ భర్త వైపు చూసింది. ఆయన తలూపాడు. అప్పుడు ఆ రెండు చేతులూ కొంగులోంచి మెల్లగా బయటికి వచ్చి, వేళ్ల చివరి దాకా తెల్లగా, గుండెల ముందు జోడయ్యాయి. అశ్వినికి ఫోను తెర కనిపించలేదు. కళ్లనిండా నీళ్లతోనే నొక్కింది. ఫోను కదిలి ఫోటో మసకగా వచ్చింది. ఇంకోసారి తీయాలమ్మా అంటే, హనుమంతమ్మ విసుక్కోకుండా మళ్లీ చేతులు జోడించింది.